తాడు రెండో కొస ఎవరి చేతిలో?

విశాఖ, మధురవాడ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 33 ఏళ్ళు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు. భర్తకు 36. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. పెళ్ళై ఆరేళ్ళయింది. పిల్లల గురించి "ఈ ఏడాది అనుకున్నాం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఫ్లాటుకు నెలకు 38 వేలు ఈఎంఐ కడుతున్నారు. భర్తకు కొండలంటే ప్రాణం. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో రాళ్ళెక్కడం మొదలుపెట్టి హంపి, బాదామి చుట్టూ తిరిగారు. మనాలీలో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశారు. రెండేళ్ళ కిందట ఇద్దరూ ఔలీ వెళ్ళి వారం పాటు స్కీయింగ్ నేర్చుకున్నారు. ఇప్పుడాయన ఉద్యోగం మానేసి, యూరప్‌లో సెకండ్‌హ్యాండ్ వ్యాన్ కొని, ఏడాది పాటు అందులోనే ఉందామంటున్నారు. చలికాలం ఆల్ప్స్‌లో స్కీయింగ్, మిగతా నెలలు స్పెయిన్, ఇటలీ, గ్రీస్‌లలో క్లైంబింగ్. దాచుకున్న 25 లక్షలు సరిపోతాయని ఆయన లెక్క. చాలకపోతే అక్కడి నుంచే లాప్‌టాప్ మీద చిన్న ప్రాజెక్టులు చేస్తారట. జర్మనీలో ఒక వ్యాన్ చూసిపెట్టారు. దానికి ఈ నెలాఖరులోగా రెండు లక్షలు అడ్వాన్సు పంపాలంటున్నారు.

ఆమె క్లైంబర్ కాదు. బాదామిలో ఒకటి రెండుసార్లు తాడు పట్టుకున్నారు, అంతే. ఔలీ మంచు మాత్రం బాగా నచ్చింది, పడుతూ లేస్తూ నవ్వుకున్నానని రాశారు. ఇంట్లో డ్రైవింగ్ అంతా ఆమెదే, అరకు ఘాట్ రోడ్డుతో సహా. భర్తకు లైసెన్సు ఉంది గానీ స్టీరింగ్ జోలికి పోరు. విజయనగరంలో ఉండే అత్తగారు ఈ సంగతి వినగానే పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు పేరెత్తి ఏడ్చారు. ఇటు ఆమె తల్లికి మోకాలి ఆపరేషన్ చేయించాల్సి ఉంది. "వద్దంటే జీవితాంతం నేనే అడ్డుపడ్డానంటారు. సరేనంటే ఏడాది పాటు అక్కడ నేనేం చేయాలో నాకే తెలియడం లేదు. ఒకటే టెన్షన్. ఒప్పుకోవాలా, వద్దా?" అని అడిగారు.

సమాధానం

ముందు ఆ రెండు లక్షల సంగతి. పంపనివ్వకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది ఈ వారమే ఆగాలి. యూరప్‌లో చాలా దేశాల్లో బండి రిజిస్టర్ చేయించాలంటే అక్కడి నివాస చిరునామా అడుగుతారు. టూరిస్టుగా వచ్చినవాళ్ళ పేరు మీద బీమా దొరకడం ఇంకా కష్టం, బీమా లేని బండి రోడ్డెక్కకూడదు. అమ్మే మనిషి నిజాయితీపరుడే అనుకుందాం. వీసా తిరస్కరిస్తే, చూడని బండి, రాని డబ్బు, మధ్యలో మీ ఇద్దరి గొడవ. మూడు నాలుగు నెలల ప్రయాణానికి అద్దె వ్యానే మేలు. పాడైతే వాళ్ళు చూసుకుంటారు, బీమా అందులోనే ఉంటుంది.

ఇక "ఒప్పుకోవాలా, వద్దా" అన్నారు. ఇప్పుడు మీ ముందున్న ప్లానుకైతే ఆ ప్రశ్న దాకా వెళ్ళక్కర్లేదు, అది కాగితం మీదే నిలబడదు. మన పాస్‌పోర్టుతో, యూరప్‌లో ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాల్లో, ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు. దేశానికి 90 చొప్పున కాదు, 29 దేశాలకూ కలిపి 90. ఫ్రాన్స్‌లో రెండు నెలలు, ఇటలీలో రెండు నెలలు, గ్రీస్‌లో ఇంకో రెండు అంటే కుదరదు. క్రొయేషియాకి వెళ్ళి రోజులు కలిపేసుకోవచ్చని ఎవరైనా చెబితే అది పాత మాట. క్రొయేషియా 2023లో, రుమేనియా, బల్గేరియా 2025 జనవరిలో పూర్తిగా ఆ లెక్కలోకి వచ్చేశాయి. పైగా 2025 అక్టోబరు నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకుని రాకపోకలు కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలైంది. ఒక్కరోజు ఎక్కువున్నా తెలిసిపోతుంది, తర్వాతి వీసాకు అదే అడ్డవుతుంది.

ఏడాది అంతా తిరగాలంటే 90 రోజులు లోపల, 90 రోజులు బయట అన్నట్టు నడవాలి. బయట అంటే జార్జియా, టర్కీ, అల్బేనియా, బ్రిటన్ లాంటివి. జార్జియాలో గుదౌరి దగ్గర మంచి స్కీయింగ్ ఉంది, టర్కీలో అంటాల్య పక్కన గెయిక్‌బయిరి క్లైంబర్లు ఏటా వెళ్ళే చోటు. కాబట్టి అసాధ్యం అనను. కానీ ఒక్కో దేశానికి ఒక్కో ప్రవేశ నిబంధన. అద్దె వ్యాన్‌ను అన్ని సరిహద్దులూ దాటించడానికి కంపెనీలు ఒప్పుకోవు. ఫ్రాన్స్‌కు ఏడాది విజిటర్ వీసా ఒకటుంది గానీ, దానికి ఉండే చోటు చూపించాలి, అక్కడ పని చేయనని రాసివ్వాలి. వ్యాన్‌లో ఉంటానంటే ఉండే చోటు ఏమని చూపిస్తారు? అన్నట్టు, ఆ లాప్‌టాప్ ప్రాజెక్టుల మాట కూడా. టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడ కూర్చుని సంపాదిస్తానని లెక్కలో రాసుకోకూడదు. ఆ ఆదాయం సున్నా అనుకునే బడ్జెట్ వేయండి.

ఇంకో సంగతి మీవారికి తట్టినట్టు లేదు. వీసా ఇచ్చేవాళ్ళు మొదట చూసేది, ఈ మనిషి తిరిగి వెళ్తాడా లేదా అని. ఉద్యోగం, సెలవు మంజూరు పత్రం, జీతం పడుతున్న బ్యాంకు ఖాతా, ఐటీ రిటర్నులు, ఇవే దానికి ఆధారాలు. ముందు రాజీనామా చేసి తర్వాత వీసాకు వెళ్తే తన దరఖాస్తును తనే బలహీనం చేసుకున్నట్టు. మీ ఇద్దరికీ ఇది మొదటి షెంగెన్ వీసా అయితే అడిగినన్ని రోజులు ఇస్తారన్న నమ్మకమూ లేదు. ఇచ్చిన రోజులకు తగ్గట్టు ప్లాను కుదించుకోగలగాలి. రాజీనామా చివరి మాట. మొదట జీతం లేని సెలవు అడిగి చూడమనండి.

ఈ 90 రోజుల నిబంధన మీకు మేలే చేస్తుంది. ఏడాది అనగానే ఉద్యోగం, ఫ్లాటు, పిల్లలు, అమ్మగారి మోకాలు అన్నీ ఒకేసారి మీద పడ్డట్టు ఉంటుంది. మూడు నెలలోపు అంటే సెలవు పెట్టి వెళ్ళొచ్చే పని. అయితే ఒక జాగ్రత్త. ఆ నిబంధన వెనక దాక్కోకండి. "వీసా ఇవ్వరటండీ" అని చెప్పి ఊరుకుంటే, ఆయన నాలుగు రాత్రులు కూర్చుని జార్జియా, టర్కీ కలిపి కొత్త ప్లాను పట్టుకొస్తారు. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర మాట ఉండదు. మీ అసలు అభ్యంతరం వీసా కాదు కదా.

ఉత్తరం మళ్ళీ చదివితే నాకు కనిపించింది ఇది. ఆ ప్లానులో మీకు పని ఉంది, మీకంటూ ఒక్క రోజు లేదు. ఆయన డ్రైవ్ చేయరు కాబట్టి ఏడాది పొడవునా డ్రైవరు మీరే. తాడుతో ఎక్కే క్లైంబింగ్‌కు ఇద్దరు కావాలి, ఒకరు ఎక్కుతుంటే మరొకరు కింద నిలబడి తాడు పట్టుకోవాలి. స్నేహితులెవరూ రావడం లేదు. అంటే ఆ రెండో మనిషీ మీరే. వంట సంగతి మీరు రాయలేదు, నేను అడగను. మీవారు స్వార్థపరులని అనడం లేదు. ఆరేళ్ళుగా ఇంట్లో కారు మీరు నడుపుతుంటే అక్కడా మీరే నడుపుతారని ఆయనకు ఆలోచించకుండానే అనిపించి ఉంటుంది. అందుకే నోరు తెరిచి అడగాలి.

తాడు పట్టుకోవడం, క్లైంబర్లు బిలే అంటారు, పక్కన నిలబడి చూసే పని కాదు. పైన మనిషి పడితే ఆ క్షణంలో ఆపేది మీ చేతులు. రోజుకు ఐదారు గంటలు మెడ పైకెత్తి, కన్ను తిప్పకుండా నిలబడాలి. ఆయన బరువు మీకంటే బాగా ఎక్కువైతే, ఆయన పడ్డప్పుడు మీరు గాల్లోకి లేస్తారు. దానికీ పరికరాలున్నాయి గానీ వాడటం నేర్చుకోవాలి. బాదామిలో రెండుసార్లు పట్టుకున్న అనుభవంతో మూడు నెలలు ఆయన ప్రాణం మీ చేతిలో పెట్టడం మీ ఇద్దరికీ న్యాయం కాదు. అదీ ఒకే తాడు పొడవులో ముగిసే, తాడు తగిలించడానికి బోల్టులు కొట్టిన చిన్న గోడల మాట. ఫ్రాన్స్‌లో షామొనీ గ్రానైట్, ఇటలీలో డోలమైట్స్ కొండల పెద్ద గోడలు అంటే రెండో మనిషి కూడా వెనకాలే ఎక్కాలి. అవి మీతో జరిగేవి కావు. గైడ్‌ను పెట్టుకోవాలి, లేదా వేరే జోడీ వెతుక్కోవాలి. ఇటలీలో ఆర్కో, గ్రీస్‌లో కాలిమ్నోస్ లాంటి చోట్లకు ఒంటరిగా వచ్చే క్లైంబర్లు చాలామంది, జోడీలు అక్కడే కుదురుతుంటాయి. కాబట్టి మీవారికి ఇది దారి లేని సమస్యేమీ కాదు. ఇన్నాళ్ళూ వెతకాల్సిన అవసరం రాలేదంతే.

ఆయన్ని కూర్చోబెట్టి ఒక పని చేయించండి. ఫిబ్రవరిలో ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో గంట గంటకీ కాగితం మీద రాయమనండి. ఎవరు ముందు లేస్తారు, నీళ్ళు ఎక్కడ పడతారు, తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు, ఆయన రాయెక్కుతుంటే మీరేం చేస్తారు, సాయంత్రం ఐదున్నర ఆరుకల్లా చీకటి పడ్డాక ఆ ఆరు మీటర్ల డబ్బాలో ఇద్దరూ ఏం చేస్తారు. మీరూ విడిగా మీ మంగళవారం రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీరు అరగంట వాదించి చెప్పలేనిది అక్కడ కనిపిస్తుంది.

ఆ కాగితం నిజాయితీగా రాయాలంటే చలికాలపు వ్యాన్ ఎలా ఉంటుందో తెలియాలి. విశాఖలో చెమట, ఉక్క తెలిసినవాళ్ళం మనం. అక్కడి తడి వేరే రకం. ఇద్దరి ఊపిరి, వంట ఆవిరి, మంచులో తడిసిన జాకెట్లు, అంతా కలిసి రాత్రికి గోడల మీద నీళ్ళై కారుతుంది, పరుపు కింద బూజు పడుతుంది. బయట మైనస్ పది ఉన్నా కిటికీ కొంచెం తెరిచి ఉంచాల్సిందే. గ్యాసు సిలిండర్‌లో బ్యూటేన్ ఉంటే సున్నా డిగ్రీల దగ్గరే మొండికేస్తుంది, ప్రొపేనే అడగాలి. కింద వెచ్చని ఊళ్ళో పోయించుకున్న డీజిల్ పైన గడ్డకట్టినట్టు చిక్కబడుతుంది, అందుకే కొండకు దగ్గర్లోని బంకులో చలికాలపు డీజిల్ పోయించుకుంటారు. నీళ్ళ పైపులు గడ్డకడతాయి. పైన సోలార్ పలక ఉన్నా, కొండల నడుమ లోయలో ఎండ తగిలేది కాసేపే. హీటరు బాగుందో లేదో తీసుకునేటప్పుడే రాత్రంతా వేసి చూడాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని వ్యాన్‌లో పడుకోకూడదు, వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించి నిద్రపోవడం ప్రాణానికే ముప్పు. ఇవన్నీ కుదిరాక టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే పని ఉంటుంది. వీడియోలు తీసేవాళ్ళెవరూ దాన్ని చూపించరు.

ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి పడుకోవచ్చనుకోవడం కూడా పొరపాటు. ఆస్ట్రియా, ఇటలీ కొండ ఊళ్ళలో చాలాచోట్ల రాత్రి బస నిషేధం, జరిమానాలు వేస్తారు. చలికాలంలోనూ నడిచే క్యాంప్‌సైట్లు డోలమైట్స్‌లో ఉన్నాయి. కరెంటు ప్లగ్గు, వేడినీళ్ళ స్నానం, కొన్నింట్లో స్కీ బూట్లు ఆరబెట్టే గదులు కూడా ఉంటాయి. రెండు మూడు రాత్రులకోసారైనా అలాంటి చోట దిగాలని మీరు షరతు పెట్టండి. డబ్బు దండగ అని ఆయన అంటే, ఆ దండగ లేకపోతే రెండో వారానికే మీరు విమానం టికెట్ చూస్తుంటారని చెప్పండి.

డ్రైవింగ్‌లో మీరు ఘాట్ రోడ్డు అలవాటున్న మనిషి, అది పెద్ద బలం. కానీ అక్కడ కుడివైపు నడపాలి, బండి పొడవు, కింద మంచు. ఇటలీలో నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చాలా రోడ్ల మీద చలికాలపు టైర్లు గానీ, చక్రాలకు చుట్టే చైన్లు గానీ తప్పనిసరి. చైన్లు వేయడం మైదానంలో ఒకసారి చేసి చూసుకోవాలి, మంచు తుఫానులో మొదటిసారి కాదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా శాఖ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఇద్దరూ తీసుకోవాలి. ఇద్దరూ అని నొక్కి రాస్తున్నాను. మీకు జ్వరమొస్తే బండి ఎవరు తీస్తారు? ఇప్పటి నుంచి ప్రతి ఆదివారం బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా ఆయనే నడపాలి, మీరు పక్క సీట్లో కూర్చోవాలి. ఆరు నెలల్లో ఆయన స్టీరింగ్‌కు అలవాటు పడకపోతే, అప్పుడు వ్యాన్ అన్న ఆలోచనే మానుకుని రైళ్ళు, గదులతో ప్లాను వేసుకోవచ్చు. ఆల్ప్స్‌లో బస్సులు, రైళ్ళు మంచివి, అదేం తక్కువ ప్రయాణం కాదు.

మీ అత్తగారి భయం గురించి. మల్లి మస్తాన్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నవారు, విజయనగరం వాళ్ళకు సొంత మనిషి లాంటివారు. 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి 2015లో ఆండీస్ కొండల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఆ వార్త విన్న తల్లి ఎవరైనా భయపడతారు. కానీ బోల్టులు కొట్టిన ముప్ఫై మీటర్ల గోడ మీద తాడు కట్టుకుని ఎక్కడం, ఆండీస్‌లో ఒంటరి యాత్ర ఒకటి కావు. ఆవిడ భయం నిజమే గానీ అది క్లైంబింగ్ కంటే స్కీయింగ్‌కు ఎక్కువ వర్తిస్తుందని నాకనిపిస్తోంది. వారం రోజులు ఔలీలో నేర్చుకున్నవాళ్ళు ఆల్ప్స్‌లో గుర్తులు పెట్టిన స్కీ దారుల మీదే ఉండాలి. ఇటలీలో నీలం రంగు దారులు తేలిక, ఎరుపు నడిమి రకం, నలుపు కష్టం. ఆ దారులు దాటి కొత్త మంచులోకి వెళ్తే మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంది. చరియ కింద పడ్డవాళ్ళకు మొదటి పది పదిహేను నిమిషాలే అవకాశం. అందుకే అక్కడివాళ్ళు మంచు కింద పడ్డవాళ్ళను కనిపెట్టే ట్రాన్సీవరు, పొడవాటి కర్ర, పార లేకుండా, రోజూ ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చే ప్రమాద సూచిక చూడకుండా, అటు అడుగు పెట్టరు. మీవారి ప్లానులో "ఆఫ్ పిస్ట్" అన్న మాట, అంటే దారి దాటిన స్కీయింగ్, ఉంటే అది తీసేయించండి. దీనిమీద బేరం వద్దు. ఆ సరదా ఉంటే ముందు గుల్మార్గ్‌లో ఇంకో సీజన్ కోర్సు చేయాలి.

బీమా కాగితం కూడా మీరే చదవండి, బ్యాంకు మనిషి కదా. షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా అడుగుతారు. అది ఉంటే చాలనుకుంటారు అందరూ. మామూలు ట్రావెల్ పాలసీల్లో క్లైంబింగ్, దారి దాటిన స్కీయింగ్ మినహాయింపుల్లో ఉంటాయి. హెలికాప్టర్ రక్షణ ఖర్చు ఇస్తారా లేదా అన్న వాక్యం వెతకండి. లేకపోతే విడిగా తీసుకోవాలి.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. యూరో వంద రూపాయలు దాటిన రోజులివి. 85 రోజులకు వ్యాన్ అద్దె రోజుకు 90 యూరోలు వేసుకున్నా ఏడున్నర లక్షలు దాటుతుంది. పెద్ద స్కీ కేంద్రాల్లో రోజు పాస్ మనిషికి 60 నుంచి 80 యూరోలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఇద్దరూ పాతిక రోజులు స్కీయింగ్ చేస్తే మూడున్నర లక్షలు. విమానం, వీసాలు, బీమా, స్కీలు, బూట్ల అద్దె, డీజిల్, క్యాంప్‌సైట్లు, తిండి కలిపితే మొత్తం 19, 20 లక్షల దగ్గర తేలుతుంది. ఇక్కడ ఈఎంఐ ఆగదు. అంటే ఆయన ఏడాదికి సరిపోతాయన్న డబ్బు మూడు నెలలకు సరిపోతుంది, చేతిలో కొద్దిగా మిగులుతుంది. అమ్మగారి ఆపరేషన్‌కు, తిరిగొచ్చాక ఆరు నెలల ఈఎంఐకి పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి రోజులు లెక్కపెట్టుకోండి. అది 60 రోజులైతే 60 రోజులే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నాకు ఎక్కువ నచ్చినది ముందు చెబుతాను. జనవరి చివర్లో బయల్దేరి ఏప్రిల్ మధ్యలో తిరిగి రావడం, అంతా ఒకే దేశంలో. ఇటలీ అనుకోండి. మార్చి మధ్యదాకా డోలమైట్స్‌లో స్కీయింగ్. అల్టా బాడియా లాంటి చోట్ల వెడల్పాటి తేలిక దారులు చాలా ఉన్నాయి, మీలాంటివాళ్ళకు సరిగ్గా సరిపోతాయి. తర్వాత రెండు మూడు గంటల డ్రైవ్‌లో గార్డా సరస్సు ఉత్తరపు కొసన ఆర్కో. 1987లో రాక్ మాస్టర్ క్లైంబింగ్ పోటీలు మొదలైన ఊరు, క్లైంబింగే ఆ ఊరి బతుకు. మార్చి, ఏప్రిల్‌లలో అక్కడ ఎండ బాగుంటుంది. ఆయనకు జోడీలు దొరుకుతారు, మీకు సరస్సు, సైకిల్ దారులు, కాఫీ దుకాణాలు. దీనివల్ల వీసా ఒకే కాన్సులేట్‌కు, డ్రైవింగ్ తక్కువ, మంచు, రాయి రెండూ. నష్టం ఏమిటంటే ఆయన కలలోని షామొనీ, స్పెయిన్, కాలిమ్నోస్ ఇందులో లేవు. "ఇదా యాత్ర?" అని మొదట్లో ముఖం ముడుచుకోవచ్చు.

రెండోది, ఆయన ముందు వెళ్ళడం, మీరు చివరి నాలుగు వారాలు కలవడం. మీ సెలవు మిగులుతుంది, అమ్మగారి దగ్గర ఉండొచ్చు, మీకు నచ్చిన మంచు మీరు చూస్తారు. కానీ గమనించండి, ఆయన ఒక్కరే వెళ్తే వ్యాన్ ఉండదు, డ్రైవరు లేరు కదా. హాస్టళ్ళలో ఉండి, రైల్లో తిరిగి, జోడీ వెతుక్కోవాలి. ఆయన కోరిక క్లైంబింగా, వ్యాన్ జీవితమా, మీతో కలిసి ఉండటమా అన్నది ఈ మాట ఎత్తగానే తేలిపోతుంది. "నువ్వు లేకుండా ఎందుకు?" అంటే ఆ మాటకు విలువుంది, అప్పుడు ప్లాను మీ చుట్టూ కూడా తిరగాలి. ఎగిరి గంతేస్తే అదీ మంచిదే, హాయిగా పంపండి. చుట్టాలు నాలుగు మాటలంటారు, అనుకోనివ్వండి.

మూడోది న్యూజిలాండ్. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, ఇంగ్లీషు, వ్యాన్ అద్దెలు అక్కడ మామూలు విషయం. జూన్ నుంచి అక్టోబరు దాకా క్వీన్స్‌టౌన్, వనాకా చుట్టూ స్కీయింగ్, క్రైస్ట్‌చర్చ్ దగ్గర కాసిల్ హిల్‌లో సున్నపురాయి బండలు. ఆ బండలెక్కడానికి తాడు అక్కర్లేదు, కింద పరుపు చాలు, కాబట్టి మీ బిలే సమస్య ఉండదు. విజిటర్ వీసాలో మూడు నెలలకంటే ఎక్కువ ఉండే వీలూ ఉంది. కాకపోతే విమానం ఖర్చు ఎక్కువ, స్కీ కేంద్రాలు ఆల్ప్స్ అంత పెద్దవి కావు, వాటికి వెళ్ళే కొండదారులు కొన్ని మీకు కూడా చెమటలు పట్టిస్తాయి.

నాలుగోది, ఇప్పుడు వద్దనడం. అదీ ఒక దారే, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ "ఇప్పుడు కాదు" అంటే ఎప్పుడో చెప్పాలి. తేదీ లేని వాయిదా ఆయనకు తిరస్కారంలాగే వినిపిస్తుంది, మీరు భయపడ్డ మాట పదేళ్ళ తర్వాత నిజంగానే వస్తుంది. ఇక ఏడాది ప్లానుకే ఆయన పట్టుబడితే, డబ్బు, వీసా, బిలే, డ్రైవింగ్, ఈ నాలుగింటికీ ఆయన దగ్గర జవాబు ఉందో లేదో అడగండి. ఉంటే వినండి. లేకపోతే అది ఇంకా ప్లాను కాలేదు.

పిల్లల గురించి ఒక్క ముక్కే రాశారు గనుక నేనూ ఎక్కువ చొరబడను. మూడు నెలల వాయిదా వేరు. ఏడాది ప్రయాణం, తర్వాత ఖాళీ అయిన ఖాతా నింపుకోవడానికి ఇంకో రెండేళ్ళు, అది వేరు. ఆ లెక్క మీ ఇద్దరూ ఒకసారి పైకి అనుకోవాలి, వీలైతే డాక్టరును కలిసి వచ్చాక. ప్రయాణం గురించి మాట్లాడే రోజే దీన్నీ కలపకండి. ఒకదానికి ఒకటి అడ్డువేసినట్టు ఆయనకు అనిపిస్తుంది.

ఈ డిసెంబరులో ఇద్దరూ సెలవు పెట్టి లంబసింగిలో నాలుగు రాత్రులు మీ కారులోనే పడుకుని చూడండి. వంట బయటే, బట్టలు లోపలే, హోటల్ గది తీసుకోకూడదు. ఆల్ప్స్‌తో పోలిస్తే ఆ చలి చలే కాదు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి కాళ్ళు చాపుకోవడానికి చోటు లేక, అద్దాల మీద నీళ్ళు కారుతుంటే, ఇద్దరిలో ఎవరు విసుక్కుంటారో, ఎవరు లేచి టీ పెడతారో తెలుస్తుంది. మీరు బిలే నేర్చుకోవాలనుకుంటే అది కూడా ఇక్కడే, ఒక క్లైంబింగ్ జిమ్‌లో, మీవారి దగ్గర కాకుండా శిక్షకుడి దగ్గర నేర్చుకోండి. మొగుడి దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళకు ఈ సలహా ఎందుకో తెలుసు.

అన్నీ కుదిరి ఆ తర్వాతి జనవరికి బయల్దేరదామనుకుంటే, షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే చేయాలి. వేలిముద్రలకు ఒక రాత్రి గోదావరి ఎక్కి హైదరాబాద్ వెళ్ళొస్తారు. అంతకంటే ముందు మీ బ్యాంకులో సెలవు, విదేశీ ప్రయాణానికి అనుమతి రెండూ కాగితం మీద తీసుకోవాలి, మన బ్యాంకుల్లో ఆ ఫైలు కదలడానికే నెలలు పడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తగారికి మాత్రం తేదీలు, బీమా, ఎక్కడెక్కడ ఉంటారో ఖాయమయ్యాకే చెప్పండి. చెప్పేది మీరు కాదు. మీవారే విజయనగరం వెళ్ళి, వాళ్ళమ్మ పక్కన కూర్చుని, తన నోటితో చెప్పాలి. కారు కూడా తనే నడుపుకుంటూ వెళ్ళాలి.